గేరు చేతికి వచ్చు వేళ

క్లచ్చి పెడలు లేని కారు కొన్నవారిలో పెక్కుమంది, కొన్న మొదటి వారమున ఒకనాడు గేరు కడ్డీని ప్రక్క గాడిలోనికి లాగి, ముందుకొకసారి వెనుకకొకసారి త్రోసి, మీటర్ల నడుమ వెలిగిన ‘ఎం’ అను అక్షరమును చూచి ముచ్చటపడి, మరల దానిని ‘డి’ లోనికి నెట్టి, అటుపిమ్మట ఆ కారును అమ్ముకొను దినము వరకును ఆ గాడి వంక కన్నెత్తి చూడరు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. షోరూములో తాళము చేతికిచ్చిన కుర్రవాడు “డీలో వేసి వదిలేయండి సార్, ఇంకేం చూసుకోనక్కర్లేదు” అని చెప్పియుండును. అమీర్‌పేట కూడలిలోనో, విజయవాడ బెంజి సర్కిలులోనో ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజము. నిజము కాని చోట్లు కొన్ని కలవు. కారు చేసినవారు ఆ గాడిని అలంకారమునకై తీర్చలేదు. దాని యవసరము ఏడాదిలో నాలుగైదు సందర్భములకు మించి కలుగకపోవచ్చును గాని, కలిగిన నాడు దానికి బదులుగా మరియొకటి పనిచేయదు.

ఆ యవసర మెప్పుడు కలుగునో తెలియవలెనన్నచో, గేరుపెట్టెను నడిపించు కంప్యూటరునకు ఏమి తెలియునో, ఏమి తెలియదో ముందుగా గ్రహింపవలెను. చక్రము లెంత వడితో తిరుగుచున్నవో దానికి తెలియును; ఆక్సిలరేటరును మన మెంత లోతుగా, ఎంత తొందరగా నొక్కితిమో తెలియును; ఇంజిను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో తెలియును. కొన్ని కార్లలో బండి ఎగువకు వంగియున్నదో దిగువకు వంగియున్నదో కూడ తెలియును. కాని యివన్నియు జరుగుచున్న క్షణమునకు సంబంధించిన విషయములే. నూరు గజముల ముందు రోడ్డు కొండచరియను చుట్టుకొని వెనుకకు మళ్ళుచున్నదనియు, ఆ మళ్ళిన చోట ఒక ఆర్టీసీ బస్సు ముక్కు తొంగిచూచుచున్నదనియు, ఎదుట పోవుచున్న చెరకు ట్రాక్టరును దాటవలెనని మనము మనస్సులో నిశ్చయించుకొంటిమనియు దాని కెవరు చెప్పుదురు? మనము సామాన్యముగా కొను కార్లలో, నడుపువాని కంటికిని గేరుపెట్టెకును నడుమ తీగ ఏదియు లేదు. ఆ లోటును తీర్చుటకే మాన్యువల్ మోడు ఏర్పడినది. కంటికి కనబడి యంత్రమునకు కనబడనిది ఎదుట నున్నప్పుడు, అది మీదికి రాకమునుపే గేరును మనము తీసికొనవలెను. అది గడచిన పిమ్మట తిరిగి యిచ్చివేయవలెను.

గేర్లను తమంతట తామే మార్చుకొను కార్లు కొత్తవి కావు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ‘హైడ్రామాటిక్’ పేరిట అట్టి గేరుపెట్టెను విక్రయమునకు పెట్టినది. హాలండునందలి డాఫ్ సంస్థ 1958లో, పళ్ళచక్రములకు బదులు రబ్బరు బెల్టులతోను, వెడల్పు మారు కప్పీలతోను నడచు చిన్న కారును తెచ్చినది, నేటి సి.వి.టి. కార్లకు అదియే పూర్వజము. క్లచ్చి పెడలు లేకున్నను గేరు తన చేతిలో నుండవలెనని కోరువారికై పోర్షె సంస్థ 1990 ప్రాంతమున తన 911 కారులో ‘టిప్‌ట్రానిక్’ అను నేర్పాటును కల్పించినది. మన దేశమున ఈ సౌకర్యము చాలకాలము ధనికుల కార్లకే పరిమితమై యుండి, 2014లో మారుతి సెలెరియో ఏ.ఎం.టి.తో వచ్చిన పిమ్మటనే మధ్యతరగతివారి గడపలో అడుగుపెట్టినది.

మీ కారులో నున్నది ఏ జాతి గేరుపెట్టెయో తెలిసికొనుట కుతూహలమునకు మాత్రమే కాదు. చేయదగినది, చేయరానిది దానిని బట్టి మారును. ఏ.ఎం.టి. అనగా మామూలు గేరుపెట్టె, మామూలు క్లచ్చి. వానిని కదలించు పని మాత్రము మన కాలికిని చేతికిని బదులు చిన్న యంత్రములు చేయును. కనుక గేరు మారునపుడెల్ల ఇంజిను బలము లిప్తకాలము చక్రముల కందక, లోపలివారి తలలు ముందుకు వంగి లేచును. గేరు మారు తరుణమున ఆక్సిలరేటరు మీది పాదమును కొంచెము సడలించినచో ఈ తలయూపు చాలవరకు తగ్గును. ‘ఎం’లో ఆ తరుణమును మనమే నిర్ణయింతుము గనుక సడలించుట మరింత సులభము. టార్క్ కన్వర్టరు గల కార్లలో ఇంజినుకును గేరుపెట్టెకును నడుమ ఆయిలు మధ్యవర్తిగా నుండుటచే నడక మెత్తగా నుండును. రెండు క్లచ్చిలు గల డి.సి.టి.లో తరువాతి గేరు ముందే పడి సిద్ధముగా నుండును గనుక తట్టగనే పలుకును. సి.వి.టి.లో నిజమునకు గేర్లే లేవు. ‘ఎం’లో కనబడు అంకెలు కప్పీల వెడల్పును కొన్ని స్థానములలో నిలిపి చూపు కల్పనలు. కల్పనలైనను కొండ దిగునపుడు అక్కరకు వచ్చును.

కడ్డీని ముందుకు త్రోసిన పెద్ద గేరు పడునో, చిన్న గేరు పడునో అన్ని కార్లకును ఒకటి కాదు. కడ్డీ ప్రక్కన ముద్రించిన కూడిక, తీసివేత గుర్తులను కారు నిలిచియున్నప్పుడే చూచి చేతికి అలవాటు చేయవలెను. స్టీరింగు వెనుక ప్యాడిల్సు ఉన్నచో, సాధారణముగా కుడిది పెంచుటకు, ఎడమది తగ్గించుటకు. ఎనభై వేగమున పొరపాటున మొదటి గేరు పడినచో ఏమగునని చాలమంది భయపడుదురు. పడదు. ఇంజినును హద్దు మీరి త్రిప్పు గేరును కంప్యూటరు నిరాకరించును. కొన్ని కార్లలో ఒక కూత కూసి మరీ నిరాకరించును. బండి ఆగబోవునపుడు మనము మరచినను తానే మొదటి గేరునకు దిగును. పై వైపున మాత్రము అన్ని కార్ల మర్యాద యొకటి కాదు: ఇంజిను ఎర్రగీతను చేరగనే కొన్ని తామే పై గేరు వేసికొనును, కొన్ని మన యాజ్ఞకై వేచి అచ్చటనే గింజుకొనుచుండును. ఇది యంతయు కారుతో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. ఆ పుస్తకము ఎడమ సీటు ఎదుటి అరలో, ప్లాస్టిక్ సంచి విప్పకుండ, బీమా కాగితముల క్రింద పడియుండును.

సాధనను ఘాటురోడ్డు మీద మొదలుపెట్టరాదు. ఆదివారము తెల్లవారుజామున ఊరి వెలుపల, వెనుక బండి లేని తిన్నని రోడ్డును చూచుకొని, ‘డి’లో గంటకు 50 కిలోమీటర్ల వేగము నందుకొని, కడ్డీని ‘ఎం’లోనికి లాగుడు. అప్పుడున్న గేరు అంకె మీటరులో వెలుగును. అది నాలుగు అనుకొందము. కుడి పాదమును ఆక్సిలరేటరు మీద నుండి పూర్తిగా తీసి, మరేమియు చేయక, బండి యెంత నిదానముగా వడి తగ్గుచున్నదో గమనింపుడు. మరల 50 అందుకొని, పాదము తీసి, ఈసారి తీసివేత వైపు ఒక తట్టు తట్టుడు. అంకె మూడగును; సూది పైకి లేచును; ఇంజిను స్వరము ఒక మెట్టు హెచ్చును; వీపు సీటును విడిచి రవంత ముందుకు ఒరుగును. వడి కొంత తగ్గిన పిదప మరియొక తట్టు తట్టిన రెండు పడును, ఇప్పుడా బిగింపు నడుమునకు స్పష్టముగా తెలియును. ఇంతవరకు బ్రేకును తాకనే లేదు. ఏ వేగమున ఏ గేరు ఎంత పట్టునో చెవికిని నడుమునకును గుర్తుండిపోవునంత వరకు ఈ యభ్యాసమును చేయవలెను, ఏలయన అవసరము వచ్చిన చోట మీటరు చూచుటకు తీరిక యుండదు. రెండు జాగ్రత్తలు కలవు. ఇట్లు వడి తగ్గునపుడు వెనుకనున్న ఎర్రదీపములు వెలుగవు. వెనుకవానికి మనము నెమ్మదించుచున్నట్లు తెలియదు కనుక, అద్దము చూచిన పిమ్మటనే తట్టవలెను, అవసరమైన బ్రేకు పెడలును దీపము వెలుగునంత మాత్రము తాకవలెను. ఎడమ పాదమునకు ఈ కారులో ఏ యుద్యోగమును లేదు. పాత యలవాటున క్లచ్చిని వెదకుచు బ్రేకును త్రొక్కకుండ దానిని ప్రక్కకు దాచియుంచవలెను.

ఇక తిరుమల కొండ దిగుటను తీసికొందము. 1944లో తెరువబడిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగువారికిని, తరువాత వేసిన రెండవది ఎక్కువారికిని వినియోగపడుచున్నవి. కొండ మీది నుండి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. మనుష్యులతోను, సామానుతోను, ప్రసాదపు సంచులతోను కలిపి 1200 కిలోలు తూగు కారు అంత యెత్తు నుండి దిగునపుడు విడుదలయగు శక్తి, 25 లీటర్లకు పైగా చన్నీళ్ళను మరుగు దశకు తెచ్చుటకు చాలును. ఆ వేడి ఎచటికైనను పోకతప్పదు. బ్రేకుల మీదనే దిగువాడు దానిలో ఎక్కువ భాగమును అరచేతి పాటి బ్రేకు ప్యాడ్లలోనికిని, అవి కరచుకొను డిస్కులలోనికిని క్రుమ్మరించుచున్నాడు. మొదట కాలిన వాసన వచ్చును. పిదప అంతే బలముతో త్రొక్కినను మునుపటి పట్టు దొరకదు. అప్పటికిని ఆపక దిగినచో బ్రేకు ఆయిలు మరిగి, గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తబడి నేలదాక దిగిపోవును. కొండ సగము దిగిన పిమ్మట ఇది సంభవించిన, ఎంతటి అనుభవశాలి చేతిలోను మిగులునది హ్యాండ్‌బ్రేకును దైవమును మాత్రమే.

బ్రేకెరుగని పాతకాలపు ఎడ్లబండి గట్టు దిగునపుడు, ఎడ్లే మెడలు వెనుకకు బిగించి కాడితో బండిని నిలబెట్టెడివి; చిన్న గేరులోని ఇంజిను చేయునదియు అదియే. పెట్రోలు ఇంజినులో ఆక్సిలరేటరు విడువగనే గాలి పోవు దారి దాదాపుగా మూసికొనును. ఆ మూసిన దారి గుండ గాలిని పీల్చుటకు పిస్టన్లు పెనుగులాడుచు చక్రముల వడిని తినివేయును. గేరు చిన్నదైనకొలది ఇంజిను చుట్లు హెచ్చి, ఆ పెనుగులాటయు హెచ్చును. ‘డి’లో వదలినచో ఏమగును? మనము పాదము తీసితిమి గనుక ఇక బలము అక్కరలేదని కంప్యూటరు తలచి, పెట్రోలు ఆదా చేయుటకు పై గేరును వేయును. సమతలమున అది తెలివి. దిగుడులో అది ఎడ్లను కాడి నుండి విప్పివేయుట. వాలును కనిపెట్టి చిన్న గేరును నిలుపు కార్లు కొన్ని కలవు గాని, అవి కూడ వాలు మొదలైన పిదప మేలుకొనునవే. మలుపునకు ముందు మేలుకొనునవి కావు.

మారేడుమిల్లి ఘాటులోనో, శ్రీశైలము దారిలోనో టీ దుకాణము కడ నిలిచిన తలనెరసిన లారీ డ్రైవరు నెవరినైనను అడుగుడు; “ఎక్కిన గేర్లోనే దిగాలి బాబూ” అని ఒక్క ముక్కలో తేల్చివేయును. కొత్త కార్లకు ఆ సూత్రమును కొంచెము సవరింపవలెను, ఏలయన నేటి ఇంజిన్లు మూడవ గేరులోను సునాయాసముగా ఎక్కగలవు గాని మూడవ గేరు వానిని దిగుడులో చాలినంత పట్టదు. నేను చెప్పు కొలత యిది: దిగుచున్నప్పుడు పాదము మాటిమాటికి బ్రేకు మీదికి పోవుచున్నచో గేరు ఒకటి ఎక్కువైనది, దిగుడులో కూడ ఆక్సిలరేటరు త్రొక్కవలసి వచ్చినచో ఒకటి తక్కువైనది. దిగుడు ఆరంభింపక పూర్వమే, బండి నెమ్మదిగా నున్నప్పుడే ‘ఎం’లో రెండవ గేరును వేసికొని, ముడిమలుపుల నన్నింటిని అందులోనే దిగి, నడుమ తిన్నని భాగము వచ్చిన మూడవది వేసికొని, మరుసటి మలుపు కంటబడగనే మరల రెండునకు రావలెను. మలుపు మధ్యలో, స్టీరింగు త్రిప్పియున్నప్పుడు గేరు మార్చరాదు. బ్రేకు వాడనే వలదని కాదు. ఆనించి పట్టియుండక, కావలసినపుడు గట్టిగా ఒక్కసారి త్రొక్కి, వేగము దిగగనే వదలివేసినచో, రెండు త్రొక్కుళ్ళ నడుమ డిస్కులకు చల్లారు వ్యవధి దొరకును.

ఇట్లు దిగునపుడు ఇంజిను గట్టిగా మ్రోగును. నడుపువానికంటె వెనుక కూర్చున్నవారికి ఆ మ్రోత ఎక్కువ భయము గొల్పును. “ఏంట్రా, బండి అట్లా గొంతు చించుకుంటోంది? ఏమైనా విరిగిందా?” అని తల్లి అడుగును. “ఏం విరగలేదమ్మా, ఇంజనే బండిని ఆపి పట్టుకుంటోంది. కింద దాకా ఇంతే” అని కొడుకు నెమ్మదిగా చెప్పి, గేరును మాత్రము మార్చక యుండవలెను. పెట్రోలు ఇంజినునకు నిమిషమునకు 3000, 4000 చుట్లు శ్రమ కానే కాదు. పైగా గేరులో నుండి పాదము తీసిన బండి దిగుచున్నంతసేపు ఇంధనపు చిమ్మెనలను కంప్యూటరు మూసివేయును. అనగా ఆ మ్రోతలో పెట్రోలు ఖర్చు లేదు. న్యూట్రల్‌లో దించిన పెట్రోలు కలిసివచ్చునని మన దేశమున తరతరములుగా వచ్చుచున్న నమ్మకము నేటి ఇంజిన్ల విషయమున తలక్రిందులు: న్యూట్రల్‌లో ఇంజిను ఆరిపోకుండ తిరుగుటకు పెట్రోలు త్రాగుచునే యుండును, బండిని పట్టువారు మాత్రము ఎవరును ఉండరు. పది రూపాయల కొరకు ప్రాణము నొడ్డుట ఒక యెత్తు. ఆ పది రూపాయలు కూడ మిగులకపోవుట మరియొక యెత్తు.

ఎక్కునపుడు చిక్కు వేరు. మలుపు సమీపింపగనే మనము పాదము సడలింతుము. కంప్యూటరు మూడవ గేరు వేయును. మలుపు లోపలి అంచున, రోడ్డు మిక్కిలి నిటారుగా నున్న చోట మనము మరల త్రొక్కుదుము. అది ఆలోచించి రెండునకు దిగును. ఏ.ఎం.టి.లో ఆ దిగు లిప్తకాలము చక్రములకు బలమే యుండదు. వెనుక బస్సు వచ్చుచుండగా బండి కొండ మధ్య నీరసించి నిలిచినట్లగును. మలుపునకు ముందే ‘ఎం’లో రెండు వేసి నిలుపుకొన్నచో ఈ తర్జనభర్జన యుండదు. ఇరుకు దారిలో ఎక్కుచున్న బండికే దిగుచున్న బండి దారి యియ్యవలెనన్నది మన రోడ్డు నియమము. ఐనను ఎదుటివాడు దానిని పాటింపక మీరు ఎగుడు మీద నిలువవలసి వచ్చినచో, ఆక్సిలరేటరును సగము త్రొక్కి బండిని అచ్చటనే ఊగించుచు నిలుపరాదు. ఏ.ఎం.టి.లోను, కొన్ని డి.సి.టి.లలోను ఆ పని క్లచ్చిని కాల్చివేయును. బ్రేకు త్రొక్కి, హ్యాండ్‌బ్రేకు వేసి నిలిచి, కదలునపుడు ఇంజిను పట్టిన పిమ్మట దానిని దింపవలెను.

రెండు వరుసల రోడ్డు మీద ముందు బండిని దాటుట గూర్చి కొద్దిగ చెప్పిన చాలును. ‘డి’లో నుండి హఠాత్తుగా ఆక్సిలరేటరును నేలకు త్రొక్కినచో, కంప్యూటరు ఆ త్రొక్కుడును అర్థము చేసికొని, గేరు దించి, ఇంజిను నందుకొనునప్పటికి మనము ఎదుటి వరుసలో నుందుము. ఇంకను మన వరుసలో, ట్రాక్టరు వెనుక తగిన దూరమున నున్నప్పుడే ఒకటి రెండు గేర్లు దించి, ఇంజిను స్వరము హెచ్చుట విని, అప్పుడు దారి ఖాళీగా నున్నచో వెలుపలికి రావలెను. లేనిచో అదే గేరులో వేచియుండవలెను. వేచియుండుట వలన నష్టము కొంచెము చప్పుడు మాత్రమే.

నల్లరేగడి బురదలో, తడిసిన గడ్డి మీద మొదటి గేరు చక్రములను ఉన్నచోటనే గిరగిర త్రిప్పును. చాల కార్లు ‘ఎం’లో రెండవ గేరుతో బయలుదేరుటకు ఒప్పుకొనును, బలము తగ్గి చక్రమునకు పట్టు దొరకును. ఐతే వానలో నున్నని రోడ్డు మీద ఒక్కసారిగా రెండు గేర్లు దించుట ప్రమాదకరము. ఇంజిను పట్టు చక్రములను జార్చగలదు. ఒక్కొక్కటిగా, నడుమ ఊపిరి పీల్చునంత వ్యవధి యిచ్చి దింపవలెను.

నగరములో మాత్రము ‘ఎం’ జోలికి పోవలసిన పనిలేదు. కూకట్‌పల్లి రద్దీలో ప్యాడిల్సును టకటక తట్టుచు పరుగుపందెపు కారు నడుపుచున్నట్లు భావించుకొను యువకులు కలరు. వారికి కలుగు సంతోషమును నే నడ్డను గాని, ఆ పనిని యంత్రము వారికంటె బాగుగ చేయును. అంతకంటె సాధారణమైనది మరపు. ఘాటు దిగి, టోల్ గేటు దాటి, హోటలు కడ కాఫీ త్రాగి, జాతీయ రహదారి నెక్కిన పిదప కూడ కడ్డీ ‘ఎం’లోనే యుండి, మూడవ గేరులో 80 వేగమున ఇంజిను మూలుగుచుండగా, మైలేజి పడిపోయినదని సర్వీసు సెంటరు మీద విరుచుకుపడువారు లేకపోలేదు. కొండ పాదము చేరగనే, ఇతర కార్యములకు పూర్వమే, కడ్డీని ‘డి’లోనికి మార్చుట అలవాటు చేసికొనవలెను.

కారును నిలిపి దిగు విషయము మిగిలినది. టార్క్ కన్వర్టరు, సి.వి.టి., డి.సి.టి. కార్లకు ‘పి’ అను స్థానము గలదు. వాలు మీద ముందు బ్రేకు త్రొక్కియుండగనే హ్యాండ్‌బ్రేకు వేసి, బండి భారమును దాని మీద నిలిపి, ఆ పిమ్మట ‘పి’లో పెట్టవలెను, లేనిచో భారమంతయు గేరుపెట్టెలోని చిన్న కొక్కెము మీద పడి, తిరిగి తీయునపుడు కడ్డీ గట్టిగా పట్టుకొని టక్కున కొట్టుకొనును. ఏ.ఎం.టి. కార్లలో చాలవానికి ‘పి’ యే లేదు. వానిని న్యూట్రల్‌లో వదలినచో హ్యాండ్‌బ్రేకు ఒక్కటే ఆధారము. కనుక ముఖము ఎగువకున్నచో మొదటి గేరులోను, దిగువకున్నచో రివర్సులోను ఉంచి, ఆ గేరు పడినట్లు మీటరులో కన్నారా చూచి, హ్యాండ్‌బ్రేకు లాగి, అటుపిమ్మటనే ఇంజిను నార్పవలెను. ఇంజిను ఆరిన పిదప క్లచ్చి పట్టుకొనియే యుండును గనుక చక్రములు కదలవు. ఘాటు మీదనైన చక్రమునకు ఒక రాయి కూడ పెట్టుట మేలు. బయలుదేరునపుడు ఆ రాయిని రోడ్డు మీదనే వదలిపోక, దిగి ప్రక్క కాలువలోనికి త్రోయవలెను. రాత్రివేళ వచ్చు మోటారుసైకిలువానికి అది కనబడదు.